మితం నేర్చిన మాధుర్యం

ఎర్ర వైన్ బలాన్ని దాని రంగును బట్టి నిర్ణయించడం వైన్ తాగే దేశాలలో చాలాకాలంగా ఉన్న అలవాటు. గాజుపాత్రలో పోసినప్పుడు వెలుతురును అవతలికి పోనివ్వనంత నల్లగా ఉన్నది గొప్పదనీ, పాత్రకు ఆవల పెట్టిన వేళ్లు కనిపించేంత పలుచగా ఉన్నది సామాన్యమైనదనీ భావించే ఆ కొలమానం ముందు గ్రెనాష్ అనే ద్రాక్షరకం తరచుగా ఓడిపోతూ వచ్చింది. పలుచని తొక్క, లేత రంగు, తక్కువ పులుపు, పట్టపగ్గాల్లేని చక్కెర అనే నాలుగు లక్షణాలు కలిసిన ఈ ద్రాక్షను ఫ్రాన్స్, స్పెయిన్ దేశాలలో తరతరాలుగా ఇతర వైన్లకు బలం చేకూర్చే సరుకుగానే ఎక్కువగా వాడుకున్నారు. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల వరకు దక్షిణ ఫ్రాన్స్ వైన్‌లో కొంత భాగం పీపాలకొద్దీ ఉత్తరాన ఉన్న బర్గండీకి చేరి, ఎండ చాలని ఏడాదుల్లో అక్కడి నీరసమైన వైన్లకు సత్తువనిచ్చి, తన పేరు ఎక్కడా చెప్పుకోకుండానే అమ్ముడుపోయేది. అయినా ఇదే ద్రాక్షకు చెందిన ముసలి తీగల నుంచి, ఫ్రాన్స్‌లో షాతోనెఫ్-ద్యు-పాప్‌కు చెందిన షాతో రాయాస్, స్పెయిన్‌లో ప్రియోరాత్‌కు చెందిన లెర్మిటా వంటి, రసజ్ఞులు ఏళ్ల తరబడి ఎదురుచూసి కొనుక్కునే వైన్లు పుడుతున్నాయి. ఒకే మొక్క ఒకచోట ఊరూపేరూ లేని సరుకును, మరొకచోట అపురూపమైన పానీయాన్ని ఇస్తున్నప్పుడు ఆ తేడా ఎక్కడి నుంచి వస్తుందన్నది విచారించదగిన ప్రశ్న. సీసాల మీద అచ్చయ్యే సమాధానం ‘ముసలి తీగలు’ అన్న రెండు మాటలే. ఆ సమాధానంలో నిజమెంతో, వయసు పేరిట చెలామణి అవుతున్న ఇతర కారణాలెన్నో విడదీసి చూస్తే రుచి గురించీ, విలువ గురించీ కూడా కొంత తెలుస్తుంది.

గ్రెనాష్ స్వస్థలం ఈశాన్య స్పెయిన్‌లోని అరగోన్ అని ఎక్కువమంది పండితులు భావిస్తారు. సార్డీనియా ద్వీపవాసులు మాత్రం అది తమ గడ్డ మీదే పుట్టిందని వాదిస్తారు. స్పెయిన్‌లో గార్నాచా, సార్డీనియాలో కన్నోనావ్, ఫ్రాన్స్‌లో గ్రెనాష్ అని వ్యవహరించే ఈ మూడూ ఒకే రకమని జన్యు పరీక్షలు తేల్చాయి. మధ్యయుగాలలో అరగోన్ రాజులు కాటలోనియాను, రూసియోన్‌ను, సార్డీనియాను ఏలారు కనుక ఈ తీగ వారి అధికారంతో పాటే మధ్యధరా తీరాన పాకిందన్నది నమ్మదగిన ఊహ. 1659 నాటి పిరనీస్ సంధితో రూసియోన్ ఫ్రాన్స్‌కు దక్కింది. తర్వాతి కాలంలో ఈ ద్రాక్ష లాంగ్‌డాక్ మీదుగా రోన్ నదీలోయ దక్షిణ భాగానికి చేరి, అక్కడి తోటలలో అగ్రస్థానం సంపాదించుకుంది. దీని కొమ్మలు నిటారుగా, గట్టిగా పెరుగుతాయి కాబట్టి పందిరి గాని, కంచె వంటి ఊత గాని అక్కరలేదు. మోకాలెత్తు మొండెం మీద నాలుగైదు పొట్టి కొమ్మలను మాత్రమే నిలిపి, ఏటా శీతకాలంలో వాటిని కురచగా కత్తిరించే పద్ధతిని ఫ్రెంచివారు గోబ్లే అంటారు. ఆ పద్ధతిలో పెరిగిన ద్రాక్ష తీగలా అల్లుకోకుండా చిన్న పొదలా నేలకు అంటిపెట్టుకుని ఉంటుంది. రోన్ లోయలో మిస్ట్రాల్ అనీ, అరగోన్‌లో సియెర్సో అనీ పిలిచే పొడి ఈదురుగాలులు ఇతర రకాల లేత కొమ్మలను విరిచేసే చోట కూడా ఇది నిలబడుతుంది. పైగా ఆ గాలి ఆకుల మీది తడిని ఆరబెట్టి, బూజు తెగుళ్లకు త్వరగా లొంగే ఈ మొక్కకు పరోక్షంగా మేలు చేస్తుంది. నీటి ఎద్దడిని బాగా ఓర్చుకోగలదు కాబట్టి, వర్షాధారపు మెట్ట భూములలో, మరే పంటా సరిగా పండని రాతి నేలలలో దీనిని నాటడం ఆనవాయితీ అయింది.

మొక్క మొండిదైనా పండు మాత్రం సున్నితమైనది, దుబారా స్వభావం కలది. పూత సమయంలో చలిగాలి గాని వాన గాని తగిలితే పూలు పిందె కట్టకుండానే రాలిపోతాయి. ఆ గండం గడిచి, నేలలో సారమూ నీరూ పుష్కలంగా దొరికితే గుత్తులు బరువెక్కి, కాయలు ఉబ్బి, రుచి పలుచబడుతుంది. వసంతంలో తొందరగా చిగురించి, చాలా ఆలస్యంగా కోతకు వచ్చే రకం కావడం వల్ల దీని పండు ఎండను చాలాకాలం పోగుచేసుకుంటుంది. లీటరు రసంలో సుమారు 17 గ్రాముల చక్కెర పులిస్తే వైన్‌లో ఒక శాతం ఆల్కహాలు తయారవుతుంది. బాగా పండిన గ్రెనాష్ రసంలో లీటరుకు 250 గ్రాముల చక్కెర ఉండటం సాధారణమే కాబట్టి, దాని వైన్ 14.5 శాతాన్ని అవలీలగా అందుకుంటుంది. మరోవైపు, తొక్కలో ఉండి ఎరుపునిచ్చే ఆంథోసయనిన్లు ఈ రకంలో తక్కువ. నాలుకను పట్టినట్లుండే వగరునిచ్చే టానిన్లు కూడా సిరా, మూర్‌వెద్ర్ వంటి రకాలలో ఉన్నంత దండిగా ఉండవు. గాలి తగిలితే రంగు త్వరగా గోధుమవర్ణానికి తిరుగుతుంది. ఈ లోటును పూడ్చడానికే రోన్ లోయలో గ్రెనాష్‌కు సిరా రంగునూ, మూర్‌వెద్ర్ బిగువునూ కలపడం సంప్రదాయమైంది. క్లుప్తంగా చెప్పాలంటే గ్రెనాష్ తన దగ్గర ఉన్నదంతా అడగకముందే ఇచ్చేసే ద్రాక్ష. దాని కథంతా ఆ దాతృత్వానికి ఎవరు, ఎలా హద్దు వేశారన్న కథే.

ఆ హద్దు పడినప్పటి రుచి ఎలాంటిదో చూడాలంటే ముందుగా ఒక సందిగ్ధాన్ని తొలగించుకోవాలి: ముసలి తీగల వైన్ వేరు, ముసలి వైన్ వేరు. మొదటిది తీగ వయసును, రెండవది సీసాలో గడిచిన కాలాన్ని తెలుపుతుంది; నూరేళ్ల తీగ నుంచి నిరుడు తీసిన వైన్ కూడా ముసలి తీగల వైనే. దాని రంగు మాణిక్యపు ఎరుపుతో మొదలై, అంచులలో కొద్దిపాటి ఇటుకరంగు ఛాయతో ఉంటుంది. వాసనలో పండిన స్ట్రాబెర్రీ, రాస్ప్‌బెర్రీ, చెర్రీ ముందుగా పలకరిస్తాయి. స్ట్రాబెర్రీకి ఆ పరిమళాన్నిచ్చే ఫ్యూరనియోల్ అనే సమ్మేళనం గ్రెనాష్ వైన్లలో కూడా ఉన్నట్లు రసాయన పరిశీలనలలో కనబడింది కాబట్టి ఈ పోలిక తాగేవారి ఊహ మాత్రమే కాదు. ఆ పండ్ల వెనుక తెల్ల మిరియాల సన్నని ఘాటు, ఎండిన నారింజ తొక్క, అతిమధురం వేరు, ఎండకు కాగిన మూలికల వాసన క్రమంగా తెలుస్తాయి. దక్షిణ ఫ్రాన్స్ సున్నపురాతి గుట్టల మీద థైమ్, రోజ్‌మేరీ వంటి సుగంధపు పొదలు కలగలిసి పెరిగే బీడును అక్కడివారు గారిగ్ అంటారు, ఈ వైన్‌ను వర్ణించేవారు ఆ మాటను పదేపదే వాడతారు. వైన్ సీసాలో పదేళ్లు, పదిహేనేళ్లు నిలిస్తే తాజా పండ్ల స్థానంలో ఎండు అత్తిపండు, తోలు, తడి ఆకుల వాసనలు చోటు చేసుకుంటాయి.

నోటిలో మాత్రం లేత తీగల గ్రెనాష్‌కూ దీనికీ ఉన్న తేడా వాసన కన్నా స్పష్టంగా బయటపడుతుంది. విరివిగా కాసిన లేత తీగల వైన్ నాలుకను తాకగానే తియ్యగా తోచి, నడుమ ఖాళీ అయి, చివరకు గొంతులో ఆల్కహాలు మంటను మిగిల్చిపోతుంది. ముసలి తీగల వైన్‌లో ఆల్కహాలు అంతే ఉన్నా, కొన్నిసార్లు ఎక్కువే ఉన్నా, ఆ వేడి విడిగా పైకి తేలదు. మొదట్లో కలిగిన పండు రుచి నడుమ సన్నబడకుండా సాగుతుంది, వగరు నోటిని ఎండబెట్టకుండా నూగులా పరచుకుంటుంది, మింగిన తర్వాత కూడా రుచి చాలాసేపు నిలుస్తుంది. ఇక్కడ గమనించదగిన విశేషమేమంటే, చక్కెర దాదాపు అంతా పులిసి ఆల్కహాలుగా మారిపోయిన పొడి వైన్‌లో కూడా తీపి ఉన్నట్లే అనిపించడం. ఆల్కహాలు తనంతట తానే నాలుకకు కొంత తియ్యగా తోచడం, పులుపు తక్కువగా ఉండటం, పండిన పండ్ల వాసన మనసుకు తీపిని గుర్తుచేయడం కలిసి ఈ భ్రమను కల్పిస్తాయి. ఆ భ్రమను వగరూ, మిరియపు ఘాటూ, ఆ కొద్దిపాటి పులుపూ అదుపులో ఉంచినప్పుడు వైన్ నిలుస్తుంది, ఉంచలేనప్పుడు జావగారిపోతుంది. సాంద్రత ఉండి బరువు లేకపోవడం ఈ వైన్‌కు మాత్రమే సొంతమైన గుణం కాకపోయినా, ఇంత తక్కువ రంగులో ఇంత సాంద్రత ఇమిడి ఉండటం మాత్రం అరుదు.

భారతీయ కావ్యశాస్త్రం కవిత్వాన్ని ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని విభజించింది. నోట వేసుకోగానే లోపలా బయటా రసమే అయిన ద్రాక్షలా అప్పటికప్పుడు ఆస్వాదనకు లొంగేది మొదటిది, తొక్క ఒలిస్తే దక్కేది రెండవది, చిప్ప పగలగొడితే తప్ప రసం చిక్కనిది మూడవది. సంస్కృత కవి భారవి మాటలను నారికేళఫలంతో పోల్చిన వ్యాఖ్యాత మల్లినాథసూరి మెదకు సీమలోని కోలాచలానికి చెందినవాడని ప్రసిద్ధి. ఈ విభాగాన్ని వైన్లకు వర్తింపజేస్తే, యవ్వనంలో వగరుతో బిగుసుకుని ఏళ్ల తరబడి ఎదురుచూస్తే గాని తెరుచుకోని కాబెర్నే సోవిన్యోన్, నెబియోలో నారికేళపాకానికి, గ్రెనాష్ నిస్సందేహంగా ద్రాక్షాపాకానికి చెందుతాయి. అయితే తెలుగు రసికులు ద్రాక్షాపాకాన్ని తక్కువ చేసి చూడలేదు. సులభంగా అందే మాధుర్యం లోతులేనిదై ఉండాలన్న నియమం వారికి లేదు. వైన్ విమర్శలో మాత్రం చాలాకాలం కాఠిన్యమే గాంభీర్యంగా చెల్లింది, తొందరగా నచ్చే వైన్ తొందరగా మరిచిపోయేదన్న అనుమానం గ్రెనాష్‌ను వెంటాడింది. ముసలి తీగల గ్రెనాష్ ఆ అనుమానానికి సరైన జవాబు, ఎందుకంటే అది సౌలభ్యాన్ని వదులుకోకుండానే లోతును సాధిస్తుంది.

ఈ సాధనలో వయసు పాత్ర ఎంత అన్నది ఇప్పుడు చూడాలి. ద్రాక్షతీగ నాటిన మూడు నాలుగేళ్లకు కాపుకు వచ్చి, సుమారు ఇరవై అయిదు, ముప్పై ఏళ్ల వరకు పుష్కలంగా కాసి, ఆ తర్వాత క్రమంగా దిగుబడి తగ్గించుకుంటుంది. షాతోనెఫ్-ద్యు-పాప్ నిబంధనలు హెక్టారుకు 35 హెక్టోలీటర్ల వైన్‌ను, అంటే ఎకరానికి సుమారు 1,400 లీటర్లను, ప్రాథమిక పరిమితిగా పెడితే అక్కడి ముసలి తోటలు చాలా ఏడాదుల్లో అందులో సగం కూడా ఇవ్వవు. ప్రియోరాత్ కొండచరియల మీద ఒక్కో మొక్కకు కిలో పండు కూడా రాని సందర్భాలున్నాయి. ఇలాంటి తోటలలో కాయలు కూడా చిన్నవిగా ఉండటం పరిపాటి. చిన్న కాయలో రసంతో పోలిస్తే తొక్క పాలు ఎక్కువ కాబట్టి, రంగూ వగరూ వాసనా తొక్కలోనే ఉండే ఎర్ర ద్రాక్షలో దాని ప్రభావం నేరుగా వైన్‌లో కనిపిస్తుంది, రంగులోనూ వగరులోనూ పేదదైన గ్రెనాష్‌లో మరింత ఎక్కువగా కనిపిస్తుంది. లావెక్కిన మానులోనూ వేళ్లలోనూ పిండిపదార్థపు నిల్వలు అధికంగా ఉండటం, నేల అనుమతించినంత లోతుకు దిగిన వేళ్లు కరువు ఏడాదిలోనూ కొంత తడిని అందుకోగలగడం వల్ల ముసలి తీగ వాతావరణపు ఒడుదొడుకులకు లేత తీగ అంతగా చలించదు. చక్కెర పరుగులు తీస్తుండగా తొక్క, గింజ పచ్చిగానే మిగిలిపోవడం వేడి ప్రాంతాల గ్రెనాష్‌కు పెద్ద బెడద. తొణకకుండా పండే తీగలో ఈ అంతరం తగ్గుతుందని సాగుదారులు ముక్తకంఠంతో చెబుతారు.

తీగకు ఇంతటి దీర్ఘాయువు అబ్బడానికి ఏటా పట్టే శీతకాలపు నిద్ర ఒక ముఖ్య కారణం. ఆకు రాల్చి, నెలల తరబడి ఎదుగుదల ఆపి, శక్తిని కాండంలో దాచుకునే అవకాశం సమశీతోష్ణ దేశాల తీగకు ఉన్నట్లుగా హైదరాబాదు చుట్టుపక్కల ద్రాక్షకు లేదు. ఇక్కడ తీగ సహజంగా నిద్రపోదు కాబట్టి వేసవిలో ఒకసారి, వానల తర్వాత మరొకసారి కత్తిరించి దానిని దారికి తెచ్చుకోవాలి, ఎడతెగని ఆ ఎదుగుదల వల్ల తీగ త్వరగా అలసిపోతుంది. అనాబ్-ఎ-షాహి రకాన్ని పందిళ్లకెక్కించి భారీ దిగుబడులు తీసి పేరు పొందిన తెలంగాణ ద్రాక్ష రైతు దృష్టిలో మొక్కకు కిలో కాయని తోట పీకేయవలసిన తోటే. తినే పండుకు ఆ లెక్క న్యాయమైనదే కూడా. పులియబెట్టే పండుకు లెక్క తలకిందులవుతుంది, అక్కడ దిగుబడి తగ్గడమే సరుకు ధరను నిలబెడుతుంది.

వయసును గురించి ఇంతవరకు చెప్పినదంతా సాగుదారుల అనుభవంతో సరిపోలుతున్నా, దానిని శాస్త్రీయంగా రుజువు చేయడం కష్టం. వయసు ప్రభావాన్ని మాత్రమే కొలవాలంటే ఒకే నేలలో, ఒకే వేరుమూలం మీద, ఒకే మొక్క సంతతిని వేర్వేరు కాలాల్లో నాటి, ఒకే విధంగా సాకి పోల్చాలి. అటువంటి తోటలు చాలా అరుదు. దిగుబడి తగ్గడమే రహస్యమైతే లేత తీగను గట్టిగా కత్తిరించి, సగం గుత్తులు తుంచేసి అదే ఫలితం పొందవచ్చు కదా అన్న ప్రశ్నకూ బలముంది. ముసలి తోటలలో చాలావరకు, నర్సరీలు ఎంపిక చేసిన ఏకరూప మొక్కలు వ్యాప్తిలోకి రాకముందు, రైతు తన తోటలోని మేలైన అనేక మొక్కల కొమ్మలను కలిపి నాటుకున్నవి. అక్కడి పండులోని వైవిధ్యం వయసు వల్ల వచ్చిందో, ఆ కలగలుపు వల్ల వచ్చిందో విడదీయడం సులభం కాదు. అన్నిటికన్నా పెద్ద చిక్కు మిగిలినవాటినే చూసి తీర్పు చెప్పడంలో ఉంది. చెడ్డ పండు ఇచ్చిన తోటను ఎవరూ నూరేళ్లు ఉంచరు, కాబట్టి నేడు కనిపించే ముసలి తీగలన్నీ ఒక సుదీర్ఘమైన పరీక్షలో నెగ్గినవే. వాటి వైన్ బాగుండటానికి అవి ముసలివి కావడం ఎంత కారణమో, బాగుండటం వల్లనే అవి ముసలివి కాగలిగాయన్నది కూడా అంతే కారణం కావచ్చు.

ఈ వాదన సగం మాత్రమే నిజమని ఆ తీగల చరిత్ర చెబుతుంది, ఎందుకంటే చాలా గ్రెనాష్ తోటలు మెచ్చుకోళ్ల వల్ల కాక ఉపేక్ష వల్ల బతికాయి. ఉత్తర అమెరికా నుంచి వచ్చిన ఫైలోక్సెరా అనే వేరు పురుగు 1863లో రోన్ లోయ ప్రాంతంలోనే ఫ్రాన్స్‌లో మొదటిసారిగా తన ఆనవాళ్లు చూపింది. 1868లో మోంపెలియే శాస్త్రజ్ఞుడు జూల్-ఎమిల్ ప్లాంషోన్, ఆయన సహచరులు దానిని గుర్తించేనాటికి తోటలు విస్తారంగా ఎండిపోసాగాయి. పురుగును తట్టుకునే అమెరికా జాతి వేళ్ల మీద ఐరోపా తీగలను అంటుకట్టడం ఒక్కటే శాశ్వతమైన మార్గమని తేలాక యూరపు తోటలన్నీ దాదాపు కొత్తగా నాటవలసి వచ్చింది. పురుగు కదలలేని ఇసుక నేలల వంటి చోట్ల మాత్రమే అక్కడక్కడ సొంత వేళ్ల మీద నిలిచిన తీగలు మిగిలాయి. పురుగు నేటికీ చేరని దక్షిణ ఆస్ట్రేలియా సంగతి వేరు: అక్కడి బరోసా లోయలో 1848లో నాటినట్లు చెప్పే గ్రెనాష్ తీగలు, యాలంబా సంస్థకు చెందిన 1889 నాటి తోట ఇప్పటికీ కాపు కాస్తున్నాయి. ఆ తీగలను కాపాడింది రసజ్ఞత అనుకుంటే పొరపాటు. పోర్ట్ తరహాలో ఆల్కహాలు కలిపిన తియ్యని వైన్లకు దశాబ్దాల పాటు ముడిసరుకైన ఈ ద్రాక్షకు, అభిరుచులు మారాక గిరాకీ పోయింది. 1980ల్లో దక్షిణ ఆస్ట్రేలియా ప్రభుత్వం తీగలు పీకేసిన రైతులకు సొమ్ము చెల్లించగా ఎన్నో ముసలి తోటలు నేలమట్టమయ్యాయి. అదే దశాబ్దంలో బరోసాలోని కొందరు చిన్న తయారీదారులు ఆ పండును మంచి ధరకు కొని, పొడి ఎర్ర వైన్లు చేసి చూపకపోతే మిగిలినవి కూడా దక్కేవి కావు. స్పెయిన్‌లోనూ గార్నాచాను తీసి తెంప్రానియో నాటడం, యూరపు సమాజపు పరిహారం పుచ్చుకుని తోటలు తీసేయడం ఇరవయ్యో శతాబ్దపు చివరి భాగంలో మామూలైంది. యంత్రం ఎక్కలేని వాలులలో, పిల్లలు పట్టణాలకు వలసపోయిన గ్రామాలలో, పీకడానికి కూడా ఎవరూ లేక కొన్ని తోటలు మిగిలిపోయాయి.

అటువంటి మిగులు నుంచే ప్రియోరాత్ పునర్జన్మ మొదలైంది. కాటలోనియాలోని ఈ చిన్న కొండప్రాంతంలో పన్నెండో శతాబ్దంలోనే కార్తూసియన్ సన్యాసులు స్కాలా దేయి మఠం స్థాపించి ద్రాక్ష పెంచారు. ఫైలోక్సెరా తర్వాత జనం వలసపోగా చాలా మెట్ట తోటలు బీడుపడ్డాయి. 1980ల చివర రెనే బార్బియే, అల్వారో పలాసియోస్ తదితరులు గ్రాతాయోప్స్ గ్రామంలో చేరి, 1989లో కలిసి తీసిన తొలి వైన్లతో ఆ ప్రాంతాన్ని ప్రపంచ దృష్టికి తెచ్చారు. 1993 నుంచి పలాసియోస్ తీస్తున్న లెర్మిటా అక్కడి ముసలి గార్నాచా ఏమి చేయగలదో చూపింది. ప్రియోరాత్ నేలను స్థానికులు లికొరేయా అంటారు. పొరలు పొరలుగా విడిపోయే నల్లని పలకరాయి అది, నీటిని పైన నిలవనీయక వేళ్లను పగుళ్లలోకి దించుతుంది, అక్కడి వైన్‌లో రాతిని తలపించే ఒక గంభీరమైన ఛాయ ఉంటుంది. రాయాస్ దీనికి పూర్తిగా భిన్నం. షాతోనెఫ్ అనగానే పగటి వేడిని దాచుకునే గుండ్రని పెద్ద రాళ్లు గుర్తుకొస్తాయి, కానీ రాయాస్ తోటలో ఆ రాళ్లు లేవు. అడవి నడుమ ఉత్తర దిక్కుకు వాలిన ఇసుక నేలలో, సాటి తోటలకన్నా చల్లని చోట పండే గ్రెనాష్ నుంచి, మరే రకమూ కలపకుండా, చూపుకు లేతగా ఉండి వాసనకు అంతులేని వైన్ తయారవుతుంది. మడ్రిడ్‌కు పడమరన ఉన్న గ్రేదోస్ కొండలలో గ్రానైట్ ఇసుక మీద, కొన్నిచోట్ల వెయ్యి మీటర్లకు పైన ఎత్తులో, దానియల్ లాందీ, ఫెర్నాందో గార్సియాలు కోమాందో జీ పేరుతో తీసే గార్నాచాలో పండ్ల కన్నా పూలు, మిరియం ముందుంటాయి. ఈ మూడు వైన్లనూ పక్కపక్కన ఉంచితే వయసు ఒక్కటే కొత్త రుచిని సృష్టించదని అర్థమవుతుంది. నేలా గాలీ చెప్పదలచుకున్నదానికి అడ్డుపడే దుబారాను తగ్గించడం వరకే దాని పని.

తయారీలో కూడా ఇదే సూత్రం పనిచేస్తుంది. గాలికి త్వరగా లొంగే గ్రెనాష్ కొత్త ఓక్ కర్రతో చేసిన చిన్న పీపాలలో కర్ర వాసన కింద అణగిపోతుంది కాబట్టి, దానికి సిమెంటు తొట్లో, దశాబ్దాలు వాడిన పెద్ద పీపాలో సరిపోతాయి. కొందరు గుత్తుల కాడలను తీయకుండానే పులియబెట్టి, ఆ కాడల నుంచి కొంత మసాలా ఘాటును, చిక్కదనాన్ని రాబడతారు. వందకు ఇన్నని మార్కులు వేసే అమెరికన్ విమర్శకుడు రాబర్ట్ పార్కర్ 1990లలో షాతోనెఫ్ వైన్లను ఆకాశానికెత్తాక ఆ ప్రాంతానికి ధర, గౌరవం దక్కిన మాట నిజమే. కానీ ఆ ఉత్సాహంలో ఎక్కువ పండిన పండును, ఎక్కువ పిండిన రసాన్ని మెచ్చే ధోరణి కూడా ప్రబలి, ముసలి తీగ కష్టపడి సంపాదించిన పొదుపును కొన్ని తయారీశాలలు తిరిగి దుబారా చేశాయి. ఇటీవలి కాలంలో గ్రేదోస్‌లోనూ, ఆస్ట్రేలియాలోని మెక్‌లారెన్ వేల్‌లోనూ కొంచెం ముందుగా కోసి, మృదువుగా నానబెట్టి, రంగును గురించి బెంగపెట్టుకోకుండా తీసే వైన్లు ఆ ధోరణిని సరిదిద్దుతున్నాయి. తాగేవారు కూడా ఒక చిన్న జాగ్రత్త పాటించాలి: వేడి గదిలో ఇరవై అయిదు డిగ్రీల దగ్గర ఈ వైన్‌లో ఆల్కహాలు ఒక్కటే ముక్కుకు తగులుతుంది, పదిహేను పదహారు డిగ్రీలకు చల్లబరిస్తే మిరియమూ పండూ వేరువేరుగా తెలుస్తాయి.

వాతావరణం వేడెక్కుతున్న కాలంలో ఈ ద్రాక్ష భవితవ్యం రెండు విధాలుగా కనిపిస్తుంది. కరువును ఓర్చుకోవడం, ఆలస్యంగా పండటం దానికి కలిసివచ్చే గుణాలు. చక్కెరను అదుపు లేకుండా పోగుచేసుకోవడం దాని పాత జబ్బు, ఎండలు పెరిగినకొద్దీ 15 శాతం దాటే వైన్లు సాధారణమై ఆ జబ్బు ముదురుతోంది. నీటి పారుదల లేకుండా ఎన్నో కరువులను దాటిన తీగలు ఇప్పుడు జ్ఞాపకచిహ్నాలుగానే కాక విత్తన భాండాగారాలుగా కూడా విలువైనవి. పులుపును నిలుపుకునే, నిదానంగా పండే మొక్కలు వాటిలో ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి కొమ్మలు సేకరించే పని స్పెయిన్‌లో, ఫ్రాన్స్‌లో జరుగుతోంది. అయినా ఫ్రాన్స్‌లో సీసా మీద ‘వియెయ్ విన్య్’, అంటే ముసలి తీగలు, అని రాసుకోవడానికి చట్టబద్ధమైన కనీస వయసు లేదు, ముప్పై ఏళ్ల తీగకూ తొంభై ఏళ్ల తీగకూ అదే మాట చెల్లుతుంది. బరోసా సాగుదారులు 2009లో 35, 70, 100, 125 ఏళ్ల అంతస్తులతో ఒక పట్టికను రూపొందించుకున్నారు; అంతర్జాతీయ ద్రాక్ష, వైన్ సంస్థ 2024లో 35 ఏళ్లు నిండినట్లు ఆధారమున్న తీగను ముసలి తీగగా నిర్వచించింది. నిర్వచనం మోసాన్ని కొంత అరికట్టగలదు గాని తోటను నిలపలేదు. హెక్టారుకు పదిహేను హెక్టోలీటర్లిచ్చే తోటకూ నలభై అయిదు హెక్టోలీటర్లిచ్చే తోటకూ కూలి ఖర్చు దాదాపు ఒకటే అయినప్పుడు, సీసా ధర మూడింతలు లేకపోతే లెక్క తెలిసిన ఏ రైతూ ముసలి తీగను ఉంచడు. సంపన్నుడు కొండనైనా కొనగలడు, తయారీశాలను ఏడాదిలో కట్టగలడు, ఎనభై ఏళ్ల తీగను మాత్రం ఎనభై ఏళ్లు ఆగకుండా పొందలేడు. ఇతరులు పీకకుండా ఉంచినదానిని సంపాదించుకోవడం ఒక్కటే అతనికున్న దగ్గర దారి.

కనుక ముసలి తీగల గ్రెనాష్‌కు చెల్లించే ధరలో రుచికి ఇచ్చేది కొంత, ఆ తీగను మరో ఏడాది ఉంచినందుకు ఇచ్చేది కొంత. వయసు మహిమను గుడ్డిగా నమ్మనవసరం లేదు. లేత తీగల నుంచి మంచి వైన్లు వస్తాయి, ముసలి తీగల నుంచి చెడ్డవీ వస్తాయి, రెండింటినీ కలిపి రుచి చూసేవారికి అది తెలుస్తూనే ఉంటుంది. ఇవ్వడమే స్వభావమైన ద్రాక్షకు బీద నేల, ఈదురుగాలి, గడిచిన కాలం కలిసి మితం నేర్పినచోట దాని మాధుర్యం తేలికగా అందుతూనే ఎక్కువసేపు నిలుస్తుందన్నది మాత్రం నాలుక నిర్ధారించుకోగల విషయం. దానిని రంగుతో కొలిచిన తరాలు విలువ కట్టడంలో తప్పి ఎన్నో తోటలను పోగొట్టుకున్నాయి. వయసు అంకెతో మాత్రమే కొలిచే తరం అదే తప్పును మరో రూపంలో చేయకుండా ఉండాలంటే, అంకెను పక్కనపెట్టి వైన్‌నే అడగాలి, నచ్చిన తోటకు గిట్టుబాటయ్యే ధర ఇవ్వాలి, ఇవాళ నాటిన మేలైన మొక్కలను ముసలివి కానివ్వాలి.